మా నాయన శ్రీలంకలో పనిచేసిన సిపాయి, వేలూరులో ఒక అవ్వను కలిసినప్పటి నుంచి మాట్లాడటం లేదు

గండికోట అమ్మాయి:

అందరికీ నమస్తే. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా నాయన మద్రాస్ రెజిమెంట్‌లో చేసి హవల్దారుగా రిటైర్ అయినారు. 1988, 89లో శ్రీలంకలో ఉన్నారని మాకు తెలుసు, అంతకు మించి ఏమీ తెలియదు. చిన్నప్పుడు "అక్కడ ఏం చేసేవాడివి నాయనా" అని అడిగితే "తాటిచెట్లు చానా ఉండేవి" అనేవారు. అంతే. అమ్మకు కూడా ఇంకో మాట చెప్పినట్టు లేదు.

పోయిన నెల అమ్మకు గుండె పరీక్షలు చేయించడానికి వేలూరు పోయినాం. మన పక్కనుంచి పోయేవాళ్ళకు తెలిసే ఉంటుంది, ఆసుపత్రి చుట్టూ ఉన్న లాడ్జిల్లో స్టవ్వు, గిన్నెలు ఇస్తారు, మనమే వండుకోవాలి. పక్క గదిలో ఒక అవ్వ, ఆమె మనవడు ఉన్నారు. పిల్లోడికి కిడ్నీ జబ్బు. ఒకరోజు పొద్దున కొళాయి దగ్గర ఆమె మనవడితో మాట్లాడుతుంటే నాయన చెంబు పట్టుకుని అట్లే నిలబడిపోయినారు. మన పక్కనున్న తమిళులు మాట్లాడటాన్ని "పేసు" అంటారంట, లంక తమిళులు "కదై" అంటారంట. ఆ ఒక్క మాటతో ఆమె ఎవరో నాయనకు తెలిసిపోయింది. ఇది నాకు తర్వాత చెప్పినారు.

"మీది యాళ్పాణమా అమ్మా" అని అడిగినారు. జాఫ్నాను వాళ్ళు అట్లా అంటారు. అవును, మానిప్పాయి దగ్గర అనింది. తిరువణ్ణామలై వైపు ఒక శరణార్థుల క్యాంపులో 1990 నుంచి ఉంటున్నారంట. ఈయన ఆపకుండా, నేను కూడా అక్కడ ఉన్నాను, ఆర్మీలో, అని చెప్పేసినారు. ఆమె చానాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది, 1989లో మా పెద్దోడు ట్యూషన్‌కు పోయి వస్తుంటే వ్యాన్‌లో ఎక్కించుకుని పోయినారు, పిల్లల సైన్యంలోకి, మీవాళ్ళు అక్కడే నిలబడి ఉన్నారు, వాడికి 17 ఏళ్ళు, అని. కోపంగా అనలేదు. చెప్పి, స్టవ్వు మీద ఉన్న కాఫీ ఒక గ్లాసులో పోసి నాయన చేతికి ఇచ్చింది. ఆయన తాగలేదు, తిరిగి ఇవ్వనూ లేదు.

అప్పటి నుంచి ఇంట్లో మాటల్లేవు. రాత్రి రెండింటికి లేచి వాకిట్లో కూర్చుంటారు. అమ్మకు టెన్షన్ పట్టుకుంది, ఆమెకే గుండె బాగలేదు.

నాకు తెలుసుకోవాలని ఉంది. ఆ పిల్లల సైన్యం ఏంది? దాంతో మన ఆర్మీకి సంబంధం ఏంది? యుద్ధం ఎప్పుడో అయిపోయింది కదా, వాళ్ళు ఇంకా క్యాంపులోనే ఎందుకున్నారు? మనవడి నంబరు నా దగ్గర ఉంది. నాయనను మళ్ళీ ఆమె దగ్గరకు తీసుకుపోవచ్చా, లేక ఆ ముసలామెను ఇంకా బాధపెట్టినట్టవుతుందా?

ఆదోని సుబేదార్:

అమ్మా, నేను కూడా అక్కడ చేసినవాణ్ణే. 1988 మొదట్లో వవునియా దగ్గర దిగినాను, 1990లో ఓడెక్కినాను. మీ నాయన చెప్పిన తాటిచెట్ల సంగతి నిజమే. అయితే ఆ తాటితోపుల్లోనుంచే మామీద కాల్పులు జరిగేవి, అది ఆయన మీకు చెప్పలేదు. మా ఇంట్లో నేనూ చెప్పలేదు.

మీకు మొదటి నుంచి చెప్తే అర్థమవుతుంది. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, లంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం చేసుకున్నారు. తమిళ పులులు, అంటే ఎల్‌టీటీఈ వాళ్ళు, ఆయుధాలు అప్పగిస్తారు, లంక సైన్యం బ్యారక్‌లకు పోతుంది, తమిళ ప్రాంతానికి సొంత కౌన్సిల్ వస్తుంది, మధ్యలో మనవాళ్ళు కాపలా ఉంటారు, ఇదీ మాట. అసలు కొట్లాడుకుంటున్న పులుల సంతకం ఆ కాగితం మీద లేదు. మన దళం పోయిన కొత్తల్లో జనం పూలదండలు వేసినారు. అమైదిప్పడై అనేవాళ్ళు, శాంతి సేన అని. సెప్టెంబర్ 26న పులుల్లోని తిలీపన్ అనే కుర్రోడు నీళ్ళు కూడా ముట్టకుండా నిరాహార దీక్ష చేసి చచ్చిపోయినాడు. అక్టోబర్ మొదట్లో లంక నేవీ పట్టుకున్న పులుల్లో డజను మంది సైనైడ్ మింగి చనిపోయినారు. అక్టోబర్ 10కి యుద్ధం మొదలైంది. కాపలాకు పోయినవాళ్ళం జాఫ్నా టౌన్‌ను వీధి వీధి కొట్లాడి పట్టుకోవాల్సి వచ్చింది. యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ నుంచి దిగిన సిక్ లైట్ ఇన్‌ఫంట్రీ జవాన్లు 30 మందిలో 29 మంది మరుసటి రోజుకల్లా లేరు. అక్టోబర్ 21న జాఫ్నా ఆసుపత్రిలో రోగులు, డాక్టర్లు, నర్సులు 60 మందికి పైగా చనిపోయినారు. ఆ ఆసుపత్రి మాట అక్కడి ప్రతి ఇంట్లో ఉంటుంది. నేను అప్పటికి ఇంకా పోలేదు కానీ, పోయినాక నా మొహం చూసి తలుపు వేసుకున్న ప్రతి తల్లి కళ్ళలో అదే కనిపించేది.

ఇంక ఆ అవ్వ చెప్పింది. 1988 చివర్లో కౌన్సిల్ ఎన్నికలు పెట్టి, మనకు అనుకూలమైన ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ పార్టీని గద్దె మీద కూర్చోబెట్టినారు. వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రి. మరుసటి ఏడు మన సైన్యం వెనక్కి వచ్చేస్తుందని తేలిపోయింది. మేం పోతే పులులు వీళ్ళను బతకనివ్వరు. అందుకని హడావుడిగా తమిళ నేషనల్ ఆర్మీ అని ఒకటి తయారుచేసినారు. మనుషులు యాడ నుంచి వస్తారు? బస్సుల్లో, ట్యూషన్ల దగ్గర, సినిమా హాళ్ళ దగ్గర పిల్లలను పట్టుకున్నారు. పట్టుకున్నది ఆ పార్టీవాళ్ళు, అయితే మన అండ లేకుండా వాళ్ళు ఇల్లు దాటి వీధిలోకి రాగలిగేవాళ్ళు కాదు. ఆ అవ్వ అన్నది అక్షరాలా నిజం. మేం నిలబడే ఉన్నాం. మేం ఒక్కో ఊరు ఖాళీ చేసే కొద్దీ పులులు వచ్చి ఆ పిల్లలను చంపుకుంటూ పోయినారు. నెల రోజుల ట్రైనింగ్ కూడా లేని పిల్లలు. కొందరు యూనిఫాం విప్పి పారేసి ఇంటికి పరిగెత్తినారు, కొందరు ఇంటిదాకా చేరలేదు.

1990 మార్చి 24న ట్రింకోమలీ నుంచి చివరి ఓడ కదిలింది. మద్రాస్ రేవులో దిగితే ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి రాలేదు, తమిళులను చంపి వచ్చిన సైన్యం అని. నాకు అప్పుడు చానా రోషం వచ్చింది. దాదాపు 1,200 మందిని అక్కడ పోగొట్టుకుని వచ్చినాం, మేజర్ పరమేశ్వరన్‌కు చనిపోయినాక పరమవీర చక్ర ఇచ్చినారు, మాకు ఒక్క దండ లేదా అని. ఇప్పుడు ఆ రోషం లేదు. మీ నాయనకు ఇప్పుడు పట్టుకున్నది నాకు పదేళ్ళ కింద పట్టుకుంది.

తీసుకుపోండి అమ్మా. అయితే ముందు ఆమెను అడగండి. మీ నాయనను కూడా "ఎందుకు బాధపడతావు, ఆర్డర్ ప్రకారం చేసినావు కదా" అని ఓదార్చొద్దు, ఆ మాట మాకు ఎక్కదు. ఏ పోస్టులో చేసినావు, గేటు డ్యూటీ ఎక్కడ, తిండి ఎట్లా ఉండేది, అని చిన్న చిన్నవి అడగండి. నిద్ర సంగతి మాత్రం వదలొద్దు, మాజీ సైనికుల వైద్యానికి ఇచ్చే ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంటుంది కదా, మానసిక డాక్టరుకు చూపించండి.

తాడిపత్రి పెన్నా:

సుబేదార్ గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నా. ఇందులో ఈ అమ్మాయి వాళ్ళ నాయన తప్పేముంది? మనవాళ్ళు 1,200 మంది పరాయి దేశంలో పోయినారు. ఆ పులులే 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీని చంపినారు. మనం సాయం చేయడానికి పోయినాం, తన్నులు తిన్నాం, వచ్చినవాళ్ళకు మళ్ళీ మనమే అన్నం పెడుతున్నాం. ఇప్పుడు 60 ఏళ్ళు దాటిన మనిషిని తీసుకుపోయి ఆమె కాళ్ళ ముందు కూర్చోబెడితే ఎవరికి ఏం వస్తుంది? అక్కా, నా మాట వినండి, ఆ నంబరు తీసేసి ఆయనను నాలుగు రోజులు తిరుమలకు తీసుకుపోండి. మా బాబాయి కూడా సిపాయే, కార్గిల్ టైంలో కాలు పోయింది, అందుకే ఇంత కోపంగా రాస్తున్నా.

అనంతపురం పాఠాలు:

నేను డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్తాను. పెన్నా గారి కోపం అర్థమవుతుంది, కానీ రాజీవ్ హత్యను ఆ అవ్వ ఖాతాలో వేయడం దగ్గర నేను ఆగిపోయాను. 1991 తర్వాత సరిగ్గా అదే జరిగింది, దాని దెబ్బ క్యాంపుల్లో ఉన్నవాళ్ళు తిన్నారు. వాళ్ళలో చాలామంది యుద్ధం భయంతోనే ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు. హత్య తర్వాత కొన్నేళ్ళు వాళ్ళ పిల్లలకు కాలేజీ సీట్ల సౌకర్యం తీసేశారు, క్యాంపుల మీద పోలీసు నిఘా పెరిగింది, 1992 జనవరి నుంచి ఓడల్లో వెనక్కి పంపడం మొదలుపెట్టారు. అక్కడ యుద్ధం నడుస్తూనే ఉంది. ఇష్టం లేనివాళ్ళను పంపకూడదని కోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ వచ్చి, వీళ్ళు నిజంగా ఒప్పుకునే వెళ్తున్నారా అని అడిగి చూడటం మొదలైంది.

అవ్వ 1990లో ఎందుకొచ్చిందో కూడా చెప్తాను. శాంతి సేన మార్చిలో వచ్చేసింది, జూన్‌లో పులులకూ లంక ప్రభుత్వానికీ మళ్ళీ యుద్ధం మొదలైంది. అంతకు ముందు ఏడాది మన సైన్యం వెళ్ళిపోవాలన్న ఒక్క కోరికతో లంక అధ్యక్షుడు ప్రేమదాస ప్రభుత్వం పులులకే ఆయుధాలు ఇచ్చింది, ఆ ఆయుధాలే ఇప్పుడు దాని మీదికి తిరిగాయి. ఏడాది తిరిగేలోగా లక్ష మందికి పైగా మన్నార్ వైపు నుంచి పడవల్లో రామేశ్వరం వచ్చారు. తలైమన్నార్‌కీ ధనుష్కోటికీ మధ్య సముద్రం 30 కిలోమీటర్ల లోపే, కానీ రాత్రిపూట కిక్కిరిసిన పడవల్లో దాటాలి. కొందరు పడవవాళ్ళు మధ్యలో ఉన్న ఇసుక తిన్నెల మీద దింపేసి వెళ్ళిపోయేవాళ్ళు. రామేశ్వరం నుంచి మండపం క్యాంపుకు, అక్కడి నుంచి జిల్లాలకు పంచేవారు. తిరువణ్ణామలై క్యాంపుకు మీ అవ్వ అట్లాగే చేరి ఉంటుంది.

ఇంకా అక్కడే ఎందుకున్నారంటే, యుద్ధం 2009 మేలో ముగిసింది, నిజమే. కొందరు వెళ్ళారు కూడా. కానీ 30, 40 ఏళ్ళ తర్వాత వెనక్కి పోవడానికి అక్కడ ఇల్లుండాలి, భూమి చేతికి రావాలి, ఇక్కడ పుట్టిన పిల్లలకు ఆ ఊరు తెలిసుండాలి. ఇక్కడ ఉందామంటే పౌరసత్వం లేదు. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, మనకు శరణార్థుల చట్టమంటూ లేదు, చట్టం దృష్టిలో వీళ్ళు కేవలం విదేశీయులు. 2019 పౌరసత్వ సవరణలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ ఉన్నాయి, శ్రీలంక లేదు.

నా క్లాసులో పిల్లలకు చెప్పే విషయం ఒకటుంది. మన చట్టం ప్రకారం 1987 జులై 1కి ముందు ఈ గడ్డ మీద పుడితే చాలు, తల్లిదండ్రులు ఎవరైనా భారత పౌరులే. ఆ తేదీ నుంచి పుడితే తల్లో తండ్రో భారతీయులై ఉండాలి. ఒప్పందం మీద సంతకం అయింది జులై 29న, అంటే అదే నెలలో. ఆ ఒప్పందం చెడి, మన సైన్యం వచ్చేశాక, 1990లో ఓడిపోయిన శాంతి వెంబడి పడవెక్కి వచ్చినవాళ్ళ పిల్లల్లో ఒక్కరికీ ఆ హక్కు లేదు. 1983లో లంకలో తమిళుల మీద జరిగిన అల్లర్ల తర్వాత వచ్చినవాళ్ళకు 86లో పుట్టిన బిడ్డ భారతీయురాలు, 88లో పుట్టిన ఆమె తమ్ముడు కాదు. 1986లో మండపం క్యాంపులో పుట్టిన ఒక మహిళకు పాస్‌పోర్టు ఇవ్వమని 2022లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి చెప్పింది, అది కూడా ఈ తేదీ వల్లే. మీరు చూసిన మనవడు ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి ఉన్నా, ఇప్పటికీ భారత పౌరుడు కాడు. క్యాంపుల్లో మొత్తం దాదాపు 58 వేల మంది ఉన్నారు. 2021లో తమిళనాడు ప్రభుత్వం వాటికి పునరావాస శిబిరాలని పేరు మార్చింది, కొత్త ఇళ్ళు కట్టడం మొదలుపెట్టింది, కుటుంబ పెద్దకు నెలకు ఇచ్చే డబ్బు 1,500 చేసింది. అంతకు ముందు చాలాచోట్ల రేకుల కింద పదడుగుల గదిలో ఇల్లంతా ఉండేది. ఇళ్ళు రాష్ట్రం కట్టగలదు, పౌరసత్వం కేంద్రం ఇవ్వాలి.

మీరు వెళ్తే క్యాంపుకు నేరుగా వెళ్ళకండి. బయటివాళ్ళకు అనుమతి కావాలి, లోపల హాజరు తీసుకుంటారు, క్యూ బ్రాంచ్ అనే తమిళనాడు నిఘా పోలీసులు ఎవరొచ్చారని ఆరా తీస్తారు. మీ నాయన మాజీ సైనికుడని తెలిస్తే ప్రశ్నలు వచ్చేది అవ్వ కుటుంబానికి. వేలూరులోనే, వాళ్ళు చికిత్సకు వచ్చిన రోజే కలవండి.

కువైట్ కడప:

అస్సలాము అలైకుం, అందరికీ నమస్తే. నేను పెద్ద దర్గా దగ్గరోణ్ణి, 11 ఏళ్ళు కువైట్‌లో డ్రైవర్‌గా చేసినాను. నా రూంలో పుత్తళం నుంచి వచ్చిన లంకాయన ఉండేవాడు, మావాడే, తమిళం మాట్లాడేవాడు. పుత్తళం మీ సొంతూరా అంటే కాదు, జాఫ్నా అనేవాడు. 1990 అక్టోబర్‌లో పులులు ఉత్తరాన ఉన్న ముస్లింలను అందరినీ వెళ్ళగొట్టినారు, 70 వేలకు పైగా జనం. జాఫ్నాలో అయితే రెండు గంటలు టైం ఇచ్చినారంట. వాళ్ళమ్మ చెవి కమ్మలు కూడా తీసి ఇచ్చి నడిచిందని చెప్పేవాడు. మీ సైన్యం ఉన్నన్నాళ్ళు మాకు ఆ భయం లేదు అన్నాడు ఒకసారి. ఇది సైన్యం గొప్ప అని చెప్పడానికి రాయలేదు. చెల్లెలి నాయన తను అక్కడ చెడు మాత్రమే చేసినాననుకుంటుంటే ఈ మాట కూడా చెవిన వేయండి. ఆ రూంమేట్ మాత్రం ఇప్పటికీ పుత్తళంలోనే.

ఆదోని సుబేదార్:

పెన్నా తమ్ముడూ, మీ బాబాయికి నా సెల్యూట్ చెప్పు. కాళ్ళ ముందు కూర్చోబెట్టమని నేను అనలేదు. నా సంగతి చెప్తా. 2015లో ప్రధానమంత్రి కొలంబోలో శాంతి సేన స్మారకం దగ్గర పూలు పెట్టడం టీవీలో చూసినాను. చనిపోయిన మావాళ్ళ పేర్లు రాతి మీద ఉన్నాయి, అది లంకవాళ్ళు కట్టిందే. ఇంట్లో అందరూ గర్వపడినారు. నాకు ఆ రాత్రంతా వవునియా చెక్‌పోస్టు దగ్గర సైకిల్ దిగి చేతులెత్తి నిలబడిన ఒక ముసలాయనే కనిపించినాడు. ఆయనను నేనేమీ చేయలేదు. సైకిల్ సీటు కింద వెతికి పంపించినాను, అంతే. అయినా ఆయనకు నేను ఒక మాట బాకీ ఉన్నట్టే ఉంటుంది. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మనిషి దొరకలేదు, ఈ అమ్మాయి నాయనకు దొరికింది. తిరుమలకు పోతే పోనీ, అది వేలూరు పోయే దారిలోనే ఉంది కదా.

తాడిపత్రి పెన్నా:

సార్, ఆ సైకిల్ మాట చదివినాక ఏమనాలో తెలియలేదు. నంబరు తీసేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. రాజీవ్ విషయంలో మాత్రం నా కోపం అట్లే ఉంది.

గండికోట అమ్మాయి:

అందరికీ చానా చానా థ్యాంక్స్. నాలుగు రోజులు ఆగి రాస్తున్నా, ఎందుకంటే సుబేదార్ గారు చెప్పినట్టు అడిగి చూద్దామనుకున్నాను. నిన్న రాత్రి వాకిట్లో పక్కన కూర్చుని "గేటు డ్యూటీ యాడ చేసినావు నాయనా" అని అడిగినా. ఒక స్కూలు దగ్గర అన్నారు. తర్వాత చానాసేపటికి మిగతాది చెప్పినారు. పట్టుకొచ్చిన పిల్లలను ఆ స్కూల్లోనే పెట్టినారంట, మన పోస్టు పక్కనే. పొద్దున్నే తల్లులు అన్నం పొట్లాలు కట్టుకుని గేటు దగ్గరకు వచ్చేవాళ్ళంట. వాళ్ళను వెనక్కి పంపించడం ఈయన పని. తమిళం వస్తుంది కాబట్టి ఈయననే నిలబెట్టేవాళ్ళంట. రేపు రండి అమ్మా, రేపు రండి, అని రోజూ చెప్పేవాణ్ణి, పొట్లాలు మాత్రం తీసుకుని లోపలికి ఇచ్చేవాణ్ణి, అన్నారు. ఆ తల్లుల్లో ఈ అవ్వ ఉందో లేదో ఈయనకు గుర్తు రావడం లేదు. నిద్ర పట్టనిది అందుకే.

ఈ పొద్దు మనవడికి ఫోన్ చేసినా. పోస్టులో ఉన్నదంతా చెప్పలేదు, నాయన మిమ్మల్ని చూడాలంటున్నారు, మీకు ఇష్టమైతేనే, అన్నా. అవ్వను అడిగి గంట తర్వాత చేసినాడు. వచ్చే 14న మళ్ళీ వేలూరు వస్తారంట, రమ్మనింది. ఇంకొకటి కూడా అడగమనిందంట, మీ నాయన ఉన్న చోటు స్కూలు పక్కన ఒక చింతచెట్టు ఉండేదా అని. నేను ఇంకా నాయనకు ఆ ప్రశ్న చెప్పలేదు. భయంగా ఉంది. అమ్మ మాత్రం చెప్పెయ్యి అంటోంది.

కువైట్ అన్నా, మీరు రాసింది ఆయనకు చదివి వినిపించినా, రెండుసార్లు చదివించుకున్నారు. లెక్చరర్ గారూ, మనవడు ఇక్కడే పుట్టినాడు, 2003లో. పౌరసత్వం కోసం ఇప్పుడు ఏమైనా అప్లై చేసుకునే దారి ఉంటే వివరంగా రాయండి, ప్రింట్ తీసి ఇస్తాను.

సుబేదార్ గారూ, నాయన మీతో ఒకసారి మాట్లాడతారంట, 14కి ముందే. నాకు మెసేజ్‌లో నంబరు పంపించండి, సాయంత్రం ఆరు తర్వాత చేయిస్తా.